వంకరపోయిన వింటి బద్దకు ఆవిరి పట్టాలా, హీట్ గన్ పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. డాలస్ దగ్గర ఒక పొలం గట్టు మీది బోడార్క్ దుంగ దొరికింది. చీల్చి, చివర్లకు పెయింట్ పూసి, ఏడాది పైన గరాజ్‌లో ఆరబెట్టారు. 66 అంగుళాల విల్లుగా చెక్కడం మొదలుపెట్టారు. ఇప్పుడు చూస్తే పై లింబ్ (పిడికి పైన వంగే భాగం) పిడికి జానెడు దూరంలో పక్కకు వంగింది, కొప్పు (నారి తగిలించే చివర) దగ్గరకు వచ్చేసరికి రెండు అంగుళాలు ఎడమకు పోయింది. కింది లింబ్ చివర కొంచెం మెలి కూడా ఉంది. దీన్ని ఆవిరితో సరిచేయాలా, వేడి గాలి ఊదే హీట్ గన్‌తోనా, ఎంతసేపు, అలా చేస్తే చెక్క బలం పోతుందా అని అడిగారు.

తిన్నగా వస్తుంది, భయపడకండి. పిడి దగ్గరి పెద్ద వంకరకు ఆవిరి పట్టండి. చివర ఉన్న మెలికి హీట్ గన్ చాలు. బలం పోకుండా ఉండాలంటే రెండు చూసుకోవాలి. చెక్క మాడకూడదు. వేడి చేసిన తరువాత పద్ధతిని బట్టి వారం నుంచి రెండు వారాల పాటు ఆ విల్లును వంచకూడదు. మొదటిది అందరూ జాగ్రత్తగానే చూసుకుంటారు. రెండోది దాదాపు ఎవరూ పాటించరు. నా చేతిలో పోయిన బద్దల్లో ఎక్కువ భాగం వేడి పెట్టేటప్పుడు పోలేదు, ఆ తరువాతి రెండు మూడు రోజుల్లో నేను ఆగలేక పోగొట్టుకున్నవే. అందుకే ఈ సమాధానంలో వేడి గురించి ఎంత చెబుతానో, ఆగడం గురించి కూడా అంతే చెబుతాను.

నేను కాన్సస్‌లో ఉంటాను. పదమూడేళ్లుగా ఈ చెట్టుతోనే ఎక్కువ విల్లులు చేశాను, నలభై పైనే అయ్యాయి. మీ టెక్సస్‌లో బోడార్క్ అంటారు, మా దగ్గర హెడ్జ్ అంటారు, పుస్తకాల్లో ఒసేజ్ ఆరెంజ్. బోడార్క్ అనే మాట ఫ్రెంచి వాళ్లు పెట్టిన పేరు అరిగి అలా అయింది, దాని అర్థమే 'వింటి కట్టె'. ఇది పనస కుటుంబపు చెట్టని చాలామందికి తెలియదు. కొత్తగా చెక్కిన బద్దను చూడండి, పనస చెక్కలాగే పసుపు పచ్చగా ఉంటుంది. ఎండ తగిలిన కొద్దీ బొబ్బిలి వీణ రంగులోకి మారుతుంది. మొదటిసారి ఈ దుంగ చీల్చినప్పుడు ఆ పసుపు చూసి మా ఊళ్లో వడ్రంగి పాక గుర్తొచ్చింది నాకు.

ముళ్లకంచె తీగకు 1874లో పేటెంట్ వచ్చి అది ఊరూరా పాకే దాకా కాన్సస్, మిస్సోరి, ఇల్లినాయ్ రైతులకు ఈ ముళ్ల చెట్లే కంచె. వరసగా దగ్గర దగ్గరగా నాటి, నరుకుతూ, వంచుతూ పెంచారు. ఇప్పుడు మనకు దొరికేవి చాలావరకు ఆ గట్ల మీద మిగిలిన చెట్లో, వాటి సంతతో. అందుకని వంకర లేని హెడ్జ్ దుంగ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఒక్క విల్లు కూడా చేయలేం. వంకర తీయడం ఈ చెక్కతో పనిచేసేవాళ్లకు తప్పనిసరి విద్య. అదృష్టం కొద్దీ, వేడికి ఇంత బాగా లొంగే చెక్కలు తక్కువ.

ముందు, ఎంత తిప్పాలో చూసుకోండి. కొత్తవాళ్లు వంకర కనబడగానే మొత్తం తీసేయాలనుకుంటారు. అవసరం లేదు. విల్లుకు కావలసింది ఒక్కటే: నారి పిడి మధ్యలోంచి పోవాలి. ఒక కొప్పు నుంచి ఇంకో కొప్పుకు సన్నటి దారం బిగించి కట్టండి, వడ్రంగులు నూలు పట్టినట్టు. పైనుంచి చూడండి. దారం పిడి మధ్యగీత మీదుగా, లేదా దానికి పావు అంగుళం లోపు అటూ ఇటూగా పోతే ఆ విల్లుకు వేడి అక్కర్లేదు. లింబ్ మధ్యలో పాములా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోయి చివరకు సరైన చోటికి వచ్చిందంటే దాన్ని అలాగే వదిలేయండి. నా దగ్గర ఉన్న మంచి విల్లుల్లో రెండు అలాంటివే. ఇంకో మాట, పిడిని కొంచెం ఒక పక్కకు జరిపి చెక్కుకుంటే కూడా కొంత తేడా సర్దుకుపోతుంది. మీ బద్దలో పిడి దగ్గర ఇంకా కండ ఉందంటున్నారు కాబట్టి, రెండు అంగుళాల్లో ఒక పావు అంగుళం అలా మింగేయొచ్చు. మిగిలిందే వేడితో తీయాలి.

తిప్పే ముందు బద్దను కొంత సన్నం చేయండి. పక్కకు వంచేటప్పుడు అడ్డొచ్చేది వెడల్పు. రెండు అంగుళాల వెడల్పు బద్దను పక్కకు తిప్పడానికి పడే శ్రమలో సగం కూడా పట్టదు ఒకటిన్నర అంగుళాల బద్దకు. వెడల్పు అంతకు తెచ్చి, మందం లింబ్ మధ్యలో ముప్పావు అంగుళం దాకా దించి, అప్పుడు మొదలుపెట్టండి. మరీ సన్నం చేయొద్దు, తరువాత గీకడానికి చెక్క మిగలాలి. వీపు వైపు, అంటే గురికి ఎదురుగా ఉండే వైపు, ఒకే వలయం (చెట్టు ఏడాదికొకటి పెంచుకునే పొర) చివరిదాకా తెగకుండా వచ్చిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. తెగిన వలయం మీద వంచితే అక్కడే లేస్తుంది.

ఇక వేడి ఎందుకు పనిచేస్తుందో కొంచెం చెబుతాను, ఇది తెలిస్తే ఎంతసేపు అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. చెక్కలో పొడుగాటి నారపోగులు ఉంటాయి. వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. చెక్కలో తేమ ఉంటే ఈ లిగ్నిన్ 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్యే మెత్తబడుతుంది. పొడిగా ఉంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. మెత్తబడినప్పుడు పోగులు కొద్దిగా జారి కొత్త చోటుకు సర్దుకుంటాయి, చల్లారాక అక్కడే బిగుస్తాయి. ఆవిరిలో వేడీ తేమా రెండూ కలిసి వెళతాయి కనుక 100 డిగ్రీలకే పని అవుతుంది. హీట్ గన్‌తో తేమ వెళ్లదు, పైగా ఉన్నది పోతుంది. అందుకని ఎక్కువ వేడి పెట్టాలి. 200 డిగ్రీలు దాటితే చెక్క నల్లబడి పెళుసుగా మారుతుంది. ఆవిరితో చెక్క మాడే ప్రసక్తే లేదు. మొదటిసారి చేసేవాళ్లకు, అందులోనూ మందం ఎక్కువ ఉన్న చోట, నేను ఆవిరే చెప్పడానికి కారణం అది.

ఇంకో విషయం. ఆవిరి పట్టిన చెక్క నొక్కితే బాగా నొక్కుకుపోతుంది, లాగితే మాత్రం దాదాపు సాగదు. నూటికి ఒకటి రెండు పాళ్లు సాగేసరికే చిట్లుతుంది. కాబట్టి వంచేటప్పుడు వంపుకు బయటి అంచు మీద కన్ను ఉంచండి. చిట్లేది అక్కడే. మీ వంకరకు ఈ భయం తక్కువ, ఎందుకంటే జానెడు పొడవులో నెమ్మదిగా తిరిగే వంపు అది.

ఆవిరి పట్టే పద్ధతి. పెద్ద పెట్టె అక్కర్లేదు. లింబ్‌లో వంకర ఉన్న చోటు ఒక అడుగు పొడవు ఆవిరిలో ఉంటే చాలు. నేను చేసేది చెబుతాను. వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, దాని అంచుల మీద బద్దను అడ్డంగా పెడతాను. వంకర మధ్యభాగం సరిగ్గా గిన్నె మీదికి రావాలి. పైన అల్యూమినియం ఫాయిల్ గుడారంలా కప్పి, అంచుల దగ్గర ఆవిరి పోకుండా నొక్కుతాను. పిట్టు కుండ మీద వాసెన కట్టి ఉడికించడం ఎలాగో ఇదీ అంతే. ఒక మూల ఆవిరి బయటికి పోవడానికి వేలెడు సందు వదలండి. పూర్తిగా మూసేసిన గొట్టంలోనో డబ్బాలోనో ఎప్పుడూ ఆవిరి పట్టకండి, ఒత్తిడి పెరిగి పేలుతుంది. కొందరు పీవీసీ పైపులు వాడతారు. అవి ఆ వేడికి మెత్తబడి వాలిపోతాయి, నేను వాడను.

ఎంతసేపు అంటే, అంగుళం మందానికి గంట అన్నది పాత లెక్క. పిడి దగ్గరి మీ వంకర చోట మందం దాదాపు అంగుళం అన్నారు కాబట్టి గంట. నీళ్లు మరగడం మొదలై, ఫాయిల్ సందులోంచి ఆవిరి జోరుగా రావడం మొదలయ్యాకే గంట లెక్కపెట్టండి. మధ్యలో నీళ్లు అయిపోకుండా చూసుకోండి, పోయాల్సి వస్తే మరిగే నీళ్లే పోయండి. ఎక్కువసేపు ఉడికిస్తే ఇంకా మెత్తబడుతుందనుకోవద్దు, రెండు గంటలు పెట్టినా అదనంగా వచ్చేది తేమ ఒక్కటే.

ఆవిరిలో ఉండగానే అచ్చు సిద్ధంగా ఉండాలి. ఇది చాలా ముఖ్యం. తిన్నటి, బరువైన దూలం ముక్క ఒకటి తీసుకోండి. బద్దను దానిమీద పక్కవాటుగా పెట్టి, వంకరకు అటొక దిమ్మ ఇటొక దిమ్మ, మధ్యలో ఒక క్లాంపు. మూడు చోట్ల పట్టుకుని మధ్యలో నొక్కడమే పని. ఆవిరి పెట్టకముందే ఒకసారి చల్లటి బద్దతో అంతా బిగించి చూసుకోండి, ఏ క్లాంపు ఎంత తెరిచి ఉంచాలో గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే గిన్నె మీంచి తీశాక మీకు ఉండేది అర నిమిషం, మహా అయితే ముప్పావు నిమిషం. ఆ తరువాత పైపొర చల్లబడిపోతుంది. క్లాంపు దవడలు చెక్కలోకి దిగకుండా తోలు ముక్కో, చెక్క ముక్కో అడ్డం పెట్టండి. మెత్తబడిన చెక్క మీద పడ్డ నొక్కు మళ్లీ పోదు. చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకోండి, ఆవిరి కాలిన గాయం లోతుగా ఉంటుంది.

వదిలాక కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి తిన్నని గీత దాకా కాకుండా, దాన్ని దాటి ఇంకో అర అంగుళం అవతలికి కొప్పు పోయేలా బిగించండి. రాత్రంతా, వీలైతే 24 గంటలు అలాగే ఉంచండి. తీసి, దారం పట్టి చూడండి. రెండు అంగుళాల్లో ఒకటిన్నర పోయి ఇంకా అర అంగుళం మిగిలితే నిరాశ పడొద్దు. రెండోసారి పెట్టుకోవచ్చు. ఒకే దెబ్బకు అంతా లాగాలని క్లాంపు తిప్పుతూ పోయినవాళ్ల బద్దలే చిట్లడం చూశాను. నేనైతే రెండు అంగుళాల తేడాకు మొదటినుంచీ రెండు విడతలుగానే అనుకుని చేస్తాను.

హీట్ గన్ పద్ధతి. ఇది కింది లింబ్ చివరి మెలికి. పిడిని వైస్‌లో తోలు చుట్టి బిగించండి. మెలి ఉన్న చోటుకు అవతల, కొప్పు దగ్గర, పెద్ద స్పానర్ దవడలకు తోలు అతికించి పట్టించండి. స్పానర్ కాడకు ఒక బరువు, అర కిలో నుంచి కిలో దాకా, మెలి విప్పుకునే దిక్కుకు వేలాడేలా కట్టండి. ఇప్పుడు మెలి ఉన్న ఎనిమిది పది అంగుళాల మేర, కడుపు వైపు (విల్లు లాగేవాడికి ఎదురుగా ఉండే వైపు) నుంచి వేడి పెట్టండి. గన్ నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి, ఒక్కచోట ఆగకుండా చీపురు ఊడ్చినట్టు అటూ ఇటూ నెమ్మదిగా కదులుతుండాలి. ముందు ఆ చోట పలుచగా వంటనూనె రాస్తే పైపొర త్వరగా మాడదు.

చెయ్యి నొప్పి పుట్టేంతసేపు పడుతుంది, పదిహేను ఇరవై నిమిషాలు. అవతలి వైపు వేలు పెట్టి ఉంచలేనంత కాలితే లోపలిదాకా వేడి దిగినట్టు. ఆ సమయానికి స్పానర్ బరువుకు దానంతటదే కిందికి దిగడం మొదలవుతుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది, అంత గట్టి చెక్క మైనంలా తిరుగుతుంది. మీరు చేత్తో తిప్పకండి. బరువుకు దిగకపోతే చెక్క ఇంకా కాగలేదని అర్థం. కావలసినంత తిరిగి, ఇంకొంచెం దాటాక గన్ ఆపేసి, స్పానర్ కింద దిమ్మ పెట్టి అక్కడే నిలబెట్టండి. పూర్తిగా చల్లారేదాకా, అంటే కనీసం మూడు నాలుగు గంటలు, ముట్టుకోవద్దు. నేను రాత్రి చేసి పొద్దున విప్పుతాను. చెక్క రంగు మారడం మొదలైతే గన్ దగ్గరగా ఉన్నట్టు. వీపు వైపు మాత్రం రంగు మారకూడదు. అటు మాడిన పోగు సాగేటప్పుడు తెగుతుంది, విల్లు అక్కడినుంచే విరుగుతుంది.

ముడుల దగ్గర జాగ్రత్త. ముడి మీద నేరుగా వేడి పెట్టి వంచకండి, దానికి రెండు పక్కలా కొంచెం కొంచెం వంచండి. నెర్రెలు ఉంటే ఆ చోటును తడిపిన గుడ్డపీలికతో గట్టిగా చుట్టి అప్పుడు ఆవిరి పట్టండి, నెర్రె నోరు తెరవకుండా పట్టి ఉంచుతుంది. అలాంటి చోట హీట్ గన్ వద్దు.

ఇప్పుడు ఆగడం గురించి. రెండు పద్ధతుల్లోనూ ఆగాలి, కారణాలు మాత్రం వేరు. ఆవిరి పట్టిన చెక్క తేమ తాగి ఉంటుంది. ఆ తడితో విల్లు వంచితే కడుపు వైపు పోగులు నలిగి, విల్లు వంపు తిరిగి రాకుండా అలాగే ఉండిపోతుంది. హీట్ గన్ పెట్టిన చెక్క దీనికి తలకిందులు, ఉన్న తేమ కూడా పోగొట్టుకుని ఉంటుంది. ఆ స్థితిలో వంచితే గాజులా విరుగుతుంది. ఒకదానికి తడి ఆరడానికి, ఇంకోదానికి గాలిలోంచి తేమ తిరిగి పట్టడానికి రోజులు కావాలి.

నాకు ఇది తెలిసింది ఒక జనవరి నెలలో. మంచి బద్ద, 64 అంగుళాలు, వీపు మీద వలయం గీత గీసినట్టుగా ఉంది. శనివారం సాయంత్రం హీట్ గన్‌తో పై లింబ్ తిప్పాను. ఆదివారం మధ్యాహ్నం తూకంగా వచ్చిందన్న సంతోషంలో నారి ఎక్కించి లాగడం మొదలుపెట్టాను. 22 అంగుళాల దగ్గర తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చి, నేను వేడి పెట్టిన చోటే మూడు ముక్కలైంది. ఒక ముక్క నా చెవి పక్కనుంచి పోయింది. కాన్సస్‌లో చలికాలం ఇంట్లో హీటర్ తిరుగుతుంటే గాలిలో తేమ నూటికి 25 దాకా పడిపోతుంది. అలాంటి గాలిలో ఎన్నాళ్లున్నా చెక్కలో తేమ 5 శాతం దగ్గరే ఆగిపోతుంది. అందులో నేను హీట్ గన్‌తో ఉన్నదీ తీసేసి, మర్నాడే వంచాను. ఆ బద్దకు ఏడాదిన్నర ఆరబెట్టిన కష్టం ఉంది. ఇప్పటికీ ఆ ముక్కలు గోడకు తగిలించి ఉంచాను, కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు చూపిస్తాను.

విల్లు చెక్కకు 8 నుంచి 10 శాతం తేమ ఉంటే బాగుంటుంది. గదిలో గాలి తేమ 50 శాతం, వేడి 21 డిగ్రీలు ఉంటే చెక్క దానంతటదే 9 శాతం దగ్గర స్థిరపడుతుంది. కాబట్టి పది డాలర్లు పెట్టి ఒక చిన్న తేమ మీటరు కొని గదిలో తగిలించండి. చలికాలంలో మరీ పొడిగా ఉంటే బద్దను బాత్‌రూం పక్క గదిలో పెట్టండి. ఇండియాలో కాకినాడ, విశాఖ వైపు ఉండి ఇది చదివేవాళ్లకు సమస్య ఇంకోరకం. గాలి తేమ 80 శాతం ఉంటే చెక్క 16 శాతం దాకా పట్టేస్తుంది, వంచితే నలుగుతుంది. వాళ్లకు ఏసీ గదే మేలు.

ఎన్ని రోజులు అని గుడ్డిగా లెక్కపెట్టడం కంటే వంటింటి తూకం మీద ఆధారపడండి. గ్రాముల్లో చూపించేది. ఆవిరి పట్టకముందు బద్ద బరువు రాసుకోండి. పట్టాక రోజూ ఒకే సమయానికి తూచండి. మొదట బరువు పెరిగి ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతుంది. నాలుగు రోజులు వరసగా అంకె మారకపోతే ఆరినట్టు. హీట్ గన్ పెట్టిన బద్ద అయితే మొదట బరువు తగ్గి, మెల్లగా పెరుగుతుంది. అదీ అంతే, నిలబడ్డాకే ముట్టుకోవాలి. మీలాంటి బద్దకు నా అనుభవంలో ఆవిరి తరువాత పది నుంచి పద్నాలుగు రోజులు, హీట్ గన్ తరువాత వారం పట్టింది.

మొదట్లోనే చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి. బద్ద బాగా ఆరకముందే హీట్ గన్ పెట్టాను. ఎనిమిది నెలలు ఆరిందని అనుకున్నాను, పైకి చూస్తే ఎండినట్టే ఉంది, లోపల పచ్చి. పైపొర ఒక్కసారిగా ముడుచుకుని, కడుపు పొడవునా వెంట్రుక సందంత నెర్రెలు పడ్డాయి. పచ్చి బద్దకు ఆవిరి పెట్టొచ్చు, హీట్ గన్ మాత్రం పెట్టకూడదు. మీది ఏడాది దాటింది, చెక్కి సన్నం కూడా చేశారు కాబట్టి పర్వాలేదు. అయినా మెలి పని మొదలుపెట్టే ముందు రెండు వారాలు తూచి చూడండి.

వేడి పెట్టి వింటిని సర్దడం కొత్తగా కనిపెట్టింది కాదు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటికి వచ్చిన యాహీ తెగ మనిషి ఇషి గురించి వినే ఉంటారు. ఆయన దగ్గర విలువిద్య నేర్చుకున్న డాక్టర్ శాక్స్‌టన్ పోప్ ఆయన పని చూసి రాసిపెట్టాడు. జూనిపర్ బద్దను కాల్చిన రాయి మీద ఆనించి వెనక్కి వంచేవాడట. వంచాక దాన్ని ఇంకో కట్టెకు తాళ్లతో కట్టేసి, చీకటిగా, పొడిగా ఉన్న చోట ఆరేదాకా వదిలేసేవాడు. నేను ఇన్ని పేరాల్లో చెబుతున్న ఆగడం ఆయన పద్ధతిలో ఒక భాగంగానే ఉంది.

మన వైపు కూడా ఇది ఉంది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర్లో, పాపికొండల వైపు, ఒక కొండరెడ్డి తాత బాణపు కర్రలు నిప్పుల మీద తిప్పుతూ, ఒక కన్ను మూసి చూస్తూ, మోకాలికి ఆనించి తిన్నగా చేయడం చూశాను. కర్రసాము కర్రలకు నూనె రాసి సెగ చూపించి వంకర తీయడం మీలో చాలామంది చూసే ఉంటారు. కాబట్టి ఇండియాలో వెదురుతో విల్లు చేసేవాళ్లకు రెండు మాటలు. వెదురుకు ఆవిరి అవసరం లేదు, పొడి సెగ చాలు, అది త్వరగా లొంగుతుంది. గట్టి విల్లుకు బొంగు వెదురు కంటే లోపల దాదాపు నిండుగా ఉండే సాధనపు వెదురు మేలు. గొట్టంలా ఉన్న వెదురును చీల్చకుండా నిప్పు మీద పెడితే కణుపుల మధ్య గాలి, ఆవిరి బిగుసుకుని పేలుతుంది. ముందు చీల్చండి, లేదా ప్రతి కణుపు మధ్యా చిన్న బెజ్జం వేయండి. మెరిసే పైపొర వింటికి వీపు అవుతుంది, దాన్ని గీకొద్దు, మాడ్చొద్దు. సెగ లోపలి వైపు నుంచే. తడ చెక్క దొరికేవాళ్లకు అది కూడా మంచిదే, దానికి సంస్కృతంలో ధనుర్వృక్షమనే పేరుంది.

వేరే చెక్కలతో చేసేవాళ్లకు క్లుప్తంగా: హికరీ, యాష్ ఆవిరికి చాలా బాగా లొంగుతాయి. యూ చెక్కకు పొడి వేడి అంటే నాకు భయం, దాని తెల్లచెక్కే (బెరడును ఆనుకుని ఉండే పొర) వీపు కాబట్టి అది దెబ్బతింటే విల్లే పోతుంది. యూకు ఆవిరి తప్ప ఇంకేమీ పెట్టను. బట్టీలో ఆరబెట్టి అమ్మే హికరీ పలకలు మాత్రం ఆవిరికి మొండికేస్తాయి. లిగ్నిన్ ఒకసారి పొడి వేడికి బిగిసిపోయాక మళ్లీ అంత సులువుగా మెత్తబడదు. ఒక మిత్రుడి పలకకు మూడుసార్లు ఆవిరి పట్టాం, ప్రతిసారీ సగం పైన వెనక్కి వచ్చేసింది. చివరకు దాని వంకరకు తగ్గట్టే పిడి జరిపి చెక్కాం.

జిగురు అంటించిన విల్లుకు వేడి వద్దు. వీపున నరాలు (జంతువుల స్నాయువు పోగులు) అంటించినది, రెండు పొరలు అతికించినది, ఏదైనా సరే. చర్మపు జిగురు 60 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, నరాలు ఆ వేడికే ముడుచుకుపోతాయి. తిప్పాల్సినదంతా ముందే తిప్పి, ఆరాక అంటించుకోండి. హీట్ గన్‌కు ముందు నూనె రాసిన చోట తరువాత జిగురు పట్టదు, అక్కడ బాగా గీకి శుభ్రం చేయాలి.

మీ విషయంలో వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం బద్దను సన్నం చేసి దారం పట్టి ఎంత తేడా ఉందో కొలిచి రాసుకోండి. శనివారం మొదటి ఆవిరి, ఆదివారం విప్పి మళ్లీ కొలవడం. మిగిలితే రెండో ఆవిరి వచ్చే వారం. తూకం నిలబడ్డాక కింది లింబ్ మెలి. మళ్లీ తూకం. అంతా కలిపి ఐదారు వారాలు అవుతుంది. ఆ తరువాత మొదటి వంపు నేల మీద ఆనించి రెండు అంగుళాలు మాత్రమే వంచి చూడండి. నారి ఎక్కించి 20 అంగుళాల దాకా లాగాక ఒకసారి ఆపి దారం వరస మళ్లీ చూడండి, వేడితో తీసిన వంకర కొద్దిగా తిరిగి రావడం ఆ దశలోనే తెలుస్తుంది. పావు అంగుళం వస్తే కొప్పు గాడిని ఒక పక్క లోతు చేసి సర్దుకోవచ్చు. అంతకంటే ఎక్కువ వస్తే నారి విప్పేసి, మొదటి ఆవిరికి ముందు, తరువాత తీసిన కొలతలు ఇక్కడ పెట్టండి. పై లింబ్‌ను పక్కనుంచి, పైనుంచి తీసిన ఫోటోలు కూడా ఉంటే ఎక్కడ మళ్లీ తిప్పాలో చెప్పగలను.